కళ్లం అంటే కళ్లమే

ఒక్క మాట తప్పు మాట్లాడిందని దామోదర నగర్ అంతా కృష్ణమ్మాళ్ మీద పడింది. నిజానికి ఆమె తప్పేమీ మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడే మాట ఆఫీసులో మాట్లాడింది. కోవిల్‌పట్టి తెలుగు ఇళ్ళలో ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య: గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. చెప్పులు ఎక్కడ విడవాలో తెలిసినట్టే ఏ మాట ఎక్కడ విడవాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అరవై ఏడేళ్ళ మనిషికి తెలియదా అంటే, తెలుసు. కానీ కోపం వచ్చినప్పుడు ఎవరికైనా తల్లి నేర్పిన మాటే ముందు నోట్లోంచి పడుతుంది. ఆ రోజు కృష్ణమ్మాళ్‌కు కోపం వచ్చింది. ఆమెకు కోపం రాని రోజు ఏదో చెప్పమంటే మాత్రం దామోదర నగర్‌లో ఎవరూ చెప్పలేరు.

ఆ కోపం సంగతి తెలియాలంటే ముందు ఆ నగర్ సంగతి తెలియాలి. నగర్ అని పేరే గానీ మొదట అక్కడ ఏమీ లేదు. కోవిల్‌పట్టికి పడమట పదకొండెకరాల నల్లరేగడి బీడు, దాని నిండా సీమతుమ్మ. నలభై ఏళ్ళ కిందట పుదూరు చుట్టుపక్కల పల్లెల్లో వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేసింది. ఆ పల్లెలకు కాలవా లేదు, ఏరూ లేదు, ఉన్నదంతా వానే. భూములున్న తెలుగు రైతులు ఆ భూముల్ని అలాగే వదిలి కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీల్లో కూలికి కుదిరారు. కృష్ణమ్మాళ్‌కు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. సొంత చేలో విత్తనం చల్లిన చేతులతో చెక్క చట్రంలో అగ్గిపుల్లలు పేర్చే పనికి వెళ్ళింది. మొదటి రోజే మేస్త్రీ వచ్చి వేగం చాలదన్నాడు. "మీ ఇంటామెను పిలుచుకురండి, ఇద్దరం పందెం వేసుకుంటాం, వేగం ఎవరిదో చూద్దాం" అందట. పందెం జరగలేదు. మేస్త్రీ కూడా మళ్ళీ ఆమె జోలికి రాలేదు.

ఆ బీడును కొన్నవాడు దామోదరసామి. పత్తి వ్యాపారి, తెలుగువాడే. ముక్కలుగా కోసి రాళ్ళు పాతి, ఒక ఆదివారం పుదూరు నుంచి వచ్చిన ఇరవై రెండు కుటుంబాల్ని అక్కడికి తీసుకొచ్చాడు. బండి మీద పటం పరిచి, మధ్యలో ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టాడు.

"ఇది పూంగాకి ఇడిసినాను" అన్నాడు. పూంగా అంటే తమిళంలో పార్కు.

"దీంట్ల ఏమి చేసేది?" అని కృష్ణమ్మాళ్ మొగుడు వీరసామి అడిగాడు.

"చెట్లు పెట్టేది, బెంచీలు ఏసేది. సాయంత్రము కూసుండి గాలి పీల్చుకునేది."

"గాలికి ఇంత నేలనా?" కృష్ణమ్మాళ్ ముందుకొచ్చింది. "గాలి మా ఊర్ల ఊరికే వస్తుండాది అన్నా. మాకి కూసుండేదానికి పొద్దు యాడుండాది? నువ్వు ఇచ్చే రొండున్నర సెంట్లల ఇల్లు కట్టితే మిరపకాయ యాడ ఎండేసేది? ఉద్దులు యాడ కొట్టేది?"

ఉద్దులంటే మినుములు. ఎన్ని అగ్గిపుల్లలు పేర్చినా పుదూరు దగ్గర తలా కాస్త మెట్టభూమి ఉండనే ఉంది, వాన పడిన ఏడు అందులో గింజ పండుతూనే ఉంటుంది. దామోదరసామి వ్యాపారి కదా, ఎదుటివాడి మొహం చూసి సరుకు పేరు మార్చడం ఆయనకు కొత్త కాదు.

"సరి. పూంగా వద్దు. ఇది కళ్లం అనుకోండి. అందురి కళ్లం. ఇది నాది అని నేనూ రాను, నా కొడుకూ రాడు" అన్నాడు.

పంట నూర్చుకునే కళ్లం అనగానే అందరి మొహాలూ విప్పారాయి. ఇరవై రెండు కుటుంబాలూ అక్కడికక్కడే ఒప్పుకున్నాయి. పటంలో మాత్రం తమిళంలో "పొతు ఉపయోగం" అని రాసి ఉంది. అంటే అందరి వాడుకకు అని. ఆ పటం పురపాలక ఆఫీసుకు వెళ్ళింది, కళ్లం అనే మాట నగర్‌లో ఉండిపోయింది.

ఆ కళ్లాన్ని వాళ్ళే చేసుకున్నారు. రేగడినేల ఎండకు పగులుతుంది, వానకు బురదవుతుంది. అందుకని ఎర్ర గరుసు తోలించి, నీళ్ళు చల్లి, ఇంటికొకరు చొప్పున దిమ్మిస కొట్టారు. పుదూరు నుంచి ఎట్టయాపురం మీదుగా వచ్చే బస్సు టాపు మీద గోతాలు వచ్చేవి. ధనియాలు, మిరపకాయలు, సజ్జలు, ఉద్దులు. ఎవరి గింజలైనా అందరూ కొట్టేవాళ్ళు. సాయంత్రం అయిదయ్యేసరికి గింజ కనబడకూడదని కృష్ణమ్మాళ్ కట్టడి చేసింది. అయిదు తర్వాత కళ్లం పిల్లలది. కోవిల్‌పట్టిలో పిల్లలకు హాకీ పిచ్చి పాతదే. ముందు మగపిల్లలు ఆడారు. వాళ్ళు పనుల్లో పడ్డాక ఆడపిల్లలు కర్రలు పట్టుకున్నారు. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని మైదానంలో పరుగులేమిటని సణిగిన పెద్దమనిషిని కృష్ణమ్మాళ్ గోలులో నిలబడమంది. "బంతి వచ్చి మోకాలికి తగిల్తే తెలస్తాది ఎవురు ఆడేది అని." ఆయన నిలబడలేదు.

బస్సు కూడా ఆ కళ్లం వల్లే వచ్చింది. ఎనిమిదేళ్ళు నగర్ జనం రెండు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డు మీద బస్సెక్కారు. అర్జీ పెట్టినప్పుడల్లా బస్సు తిప్పుకోవడానికి చోటు లేదని జవాబు. కృష్ణమ్మాళ్ పదిహేనుమంది ఆడవాళ్ళను వెంటేసుకుని డిపోకు వెళ్ళి, "మా కళ్లంలో తిప్పుకోండి" అంది. సరే చూద్దామని ఒక ఖాళీ బస్సును పంపారు. ఆమె బస్సు ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ ఊపుతూ, గుండ్రంగా తిప్పించి చూపించింది. ఆ బస్సులో కండక్టరు తంగరాజ్. తమిళుడు. రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగీ తిరిగీ చివరికి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. రిటైరయ్యాక నివాసుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. కృష్ణమ్మాళ్ తెలుగులో తిడితే ఆయనకు ప్రతి ముక్కా అర్థమవుతుంది. జవాబు మాత్రం తమిళంలో చెబుతాడు.

ఇలా అంతా సాగుతుండగా దామోదరసామి పోయాడు. రెండేళ్ళకు ఆయన కొడుకు వసంతకుమార్ విరుదునగర్ నుంచి కారులో దిగాడు. ఇళ్ళ స్థలాల వ్యాపారం అతనిది. కొలిచేవాళ్ళతో వచ్చి కళ్లం చుట్టూ రాళ్ళు పాతించాడు. ఆ ఖాళీ చోటును తండ్రి ఆఫీసు పేర రిజిస్టరు చేయించలేదు, కాబట్టి అది ఇప్పటికీ తమదేనన్నాడు. పద్నాలుగు ఇళ్ళు లేస్తాయట. ఆ రాళ్ళను ఆడపిల్లలు పీకి గోల్‌పోస్టులుగా పెట్టుకున్నారు గానీ, కాగితం మీద పాతిన రాయిని అలా పీకలేరు కదా.

సంఘం అర్జీ పెట్టింది. ఆఫీసులో విచారణ వేశారు. మొదటి ఇరవై రెండు కుటుంబాల్లో ఆనాడు పటం కళ్ళారా చూసి, ఈనాటికి నిలిచి ఉన్న పెద్దతలకాయ కృష్ణమ్మాళ్ ఒక్కతే. వీరసామి పోయి ఆరేళ్ళయింది. అందుకని సాక్ష్యానికి ఆమెను పంపారు. బస్సులో తంగరాజ్ పదిసార్లు చెప్పించాడు: పూంగా అనాలి, పూంగా, పూంగా.

అధికారి నలభై దాటిన ఆడమనిషి, నిదానస్తురాలు. ఆమె అడిగినంతసేపూ కృష్ణమ్మాళ్ తమిళంలో చక్కగానే చెప్పింది. తర్వాత వసంతకుమార్ లాయరు లేచాడు. "అమ్మా, మీరు చదువుకున్నారా? మ్యాపు చూడటం వచ్చా? అసలు పార్కు అంటే ఏమిటో తెలుసా?" అని నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు ఆమె ఒంటికి కారం రాసినట్టయింది.

"పూంగా లేదు, గీంగా లేదు" అంటూ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "అదు ఎంగ కళ్లం!"

అది మా కళ్లం అని ఆమె అన్నది. కానీ తమిళంలో కళ్లం అంటే మోసం. అది మా మోసం అని, నిండు ఆఫీసులో, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషి అరిచి చెప్పింది. గుమాస్తా కలం వదిలేసి నవ్వాడు. లాయరు టేబుల్ పట్టుకుని నవ్వాడు. తంగరాజ్ తల పట్టుకున్నాడు. ఏమి జరిగిందో ఆమెకు అరక్షణంలో తెలిసింది, మొహం కందిపోయింది. అయినా కూర్చోలేదు. "కళం! కళం!" అని తమిళం మాటలో దిద్దింది. "దామోదరసామి మాకిచ్చిన కళం. రాసుకోండి." గుమాస్తా నవ్వు తుడుచుకుని అలాగే రాశాడు. ఆమె కింద సంతకం పెట్టింది.

అసలు దెబ్బ వారం తర్వాత తగిలింది. లాయరు ఆ వాంగ్మూలాన్నే పట్టుకున్నాడు. కళం అంటే పంట నూర్చుకునే చోటు, అంటే అది వ్యవసాయ భూమి. దామోదరసామి ఇచ్చాడని ఆమే చెప్పింది, అంటే ఆయన సొంతం. దయతలచి వాడుకోనిచ్చాడు, ఇప్పుడు కొడుకు వద్దంటున్నాడు. అది పార్కు అని ఆ కాలనీలో పాత మనిషే ఒప్పుకోలేదు. ఇదీ అతను రాసిచ్చిన జవాబు. అధికారి స్వయంగా వచ్చి చోటు చూస్తానని తేదీ వేసింది.

నగర్ భగ్గుమంది. నూట పది ఇళ్ళలో ఎవరి నోట విన్నా కృష్ణమ్మాళ్ పేరే. నీళ్ళ కొళాయి దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకప్పుడు ఆమె వెంట డిపోకు నడిచిన పాండియమ్మాళ్ కూడా, "నీ నోరే మనల్ని ముంచింది కదక్కా" అనేసి బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఆమెను నిజంగా బాధపెట్టింది. తిట్టినవాళ్ళను తిట్టగలదు గానీ, పాండియమ్మాళ్‌ను ఏమని తిడుతుంది?

తంగరాజ్ ఒక టైపు కాగితం తెచ్చాడు. "అక్కా, దీని మీద ఒక్క సంతకం పెట్టండి, అంతా సర్దుకుంటుంది" అన్నాడు తమిళంలో.

"చదువు."

వయసు మీద పడటంతో జ్ఞాపకం తప్పి, కోపంలో కళం అన్నాననీ, ఆ స్థలాన్ని మొదటి నుంచీ పూంగా అనే పిలిచేవాళ్ళమనీ అందులో ఉంది. ఆమె రెండోసారి చదవమంది. రెండోసారి ఆయన గొంతు కాస్త తగ్గింది.

"నాకి బుద్ది తప్పినాదని నేనే చేవ్రాలు పెట్టాల్నా?"

"బుద్ధి అనలేదక్కా, జ్ఞాపకం అన్నాను."

"నాకి గ్యాపకం బాగుండాది. నువ్వు మొదటి దినము బస్సుల వచ్చినప్పుడు నీ చొక్కాకి రొండు గుండీలు లేవు, అదీ గ్యాపకముండాది. దామోదరసామి యాడ నిలబడి ఏమి చెప్పినాడో అదీ ఉండాది. కళ్లమని చెప్పితేనే మేము కొన్నాము. పూంగా అనుంటే ఆ పొద్దే ఎనక్కి పోయుందుము. నడిచిన మాట నడిచినట్టు చెప్పితే ఓడిపోతాము, అబద్దము చెప్పితే గెలుస్తామా? ఆ గెలుపు నీ సంగానికి పెట్టుకో, నాకి వద్దు."

"చోటు పోతే?"

"పోయేదాని ముందర నేను దాంట్ల నిలబడుతాను. నన్ను దాటి పోనీ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా లేచాడు. ఆ మాటలన్నీ గుమ్మం పక్కన నిలబడి వింటున్నది మనవరాలు దేవిప్రియ. కాలేజీలో మొదటి ఏడు, ఆడపిల్లల జట్టుకు కెప్టెన్. జిల్లా పోటీలు రెండు నెలల్లో ఉన్నాయి. ఊళ్ళో పెద్ద మైదానానికి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, జట్టులో సగం మందిని ఇంట్లో పంపరు.

"అవ్వా, నీ మాట గెలవాల్నా, మా గ్రౌండు ఉండాల్నా?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతులో లేవు. అవ్వ పోలికే.

"రొండూ ఒకటే పాపా."

"ఒకటి కాదు. వాళ్ళు ఆ మాటతోనే మనల్ని కొట్టినారు."

"కొట్టితే కొట్టనీ. కర్ర వాళ్ళ చేతుల ఉండాదని కర్ర మనది కాకుండా పోతాదా?"

దేవిప్రియ లోపలికి వెళ్ళింది. రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ కృష్ణమ్మాళ్ అన్నం సరిగా తినలేదు. పొరపాటు చేశానేమో అని ఒక్కోసారి అనిపించింది కూడా. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టిన తన చేతిని ఊహించుకున్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది.

తేదీ వచ్చింది. పొద్దున పది గంటలకు అధికారి గుమాస్తాతో, పటంతో జీపులో దిగింది. వసంతకుమార్ లాయరుతో కారులో వచ్చాడు, తెల్ల చొక్కా, నల్ల కళ్ళజోడు. నగర్ అంతా కళ్లం చుట్టూ నిలబడింది. కృష్ణమ్మాళ్ పక్కన మాత్రం ఎవరూ నిలబడలేదు. ఆమె ఒక్కతే కళ్లం నడిమధ్య, చీర కొంగు బొడ్లో దోపుకుని నిలబడింది.

అధికారి చోటంతా ఒకసారి తిరిగింది. గరుసును చెప్పుతో గీకి చూసింది. తర్వాత వసంతకుమార్ వైపు తిరిగింది.

"ఇది మీ నాన్నగారు సొంతానికి ఉంచుకున్న కళం అంటున్నారు. ఏమి నూర్చేవారు ఇక్కడ?"

లాయరు నోరు తెరిచాడు. "ఆయన్ని చెప్పనివ్వండి" అందామె.

వసంతకుమార్ కళ్ళజోడు సర్దుకున్నాడు. తండ్రి వ్యాపారం ఒక్కటే అతనికి తెలుసు. "పత్తి" అన్నాడు.

వెనక నుంచి ఒక నవ్వు, దాని వెంట ఇంకొకటి. అక్కడున్న ముసలీ ముతకా అందరూ చేలో పుట్టినవాళ్ళే. పత్తిని చెట్టు దగ్గరే కాయ కాయకూ ఏరి గోతాంలో తొక్కుతారు. దాన్ని కళ్లంలో పోసి కర్రతో కొట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అధికారి కూడా పెదవి బిగబట్టుకుంది.

కృష్ణమ్మాళ్ నవ్వలేదు. అతని దగ్గరకు నడిచి, అందరి ముందూ తెలుగులో మాట్లాడింది.

"తమ్ముడూ, పత్తిని కళ్లంల కొట్టుతారా? మీ నాయనకి పత్తి కొట్టు ఉండె. చేను లేదు. ఒక గింజ పండించని మనిసికి కళ్లం ఎందికి? మాకోసరము చెప్పిన మాట అది. ఆయన మంచి మాటనే చెప్పినాడు, దాన్ని నువ్వు ఎందికి చెడగొట్టుతుండావు? మీ నాయన ఈడనే నిలబడి, నా కొడుకూ రాడు అనినాడు. నువ్వు వచ్చినావు."

వసంతకుమార్ మొహం మాడింది. అధికారి వైపు చూసి, తమిళంలో, "ఈమె ఏమంటోందో నాకు అర్థం కాలేదు మేడం. నాకు తెలుగు రాదు" అన్నాడు.

అతని ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అక్కడ తెలియనివాళ్ళు లేరు. కృష్ణమ్మాళ్ అతన్ని పైనుంచి కిందికి చూసింది. అప్పుడు అధికారి వైపు తిరిగి, ఆ రోజు మొదటిసారి తమిళంలోకి వచ్చింది.

"రాసుకోండమ్మా. ఆయనకు తెలుగు రాదట. వాళ్ళ నాన్న మాకు స్థలం అమ్మింది తెలుగులో. ఏం చెప్పి అమ్మాడో తెలుగు రాని కొడుకుకు ఎలా తెలుస్తుంది? తెలిసినదాన్ని నేను. నన్నడగండి."

అధికారి గుమాస్తాకు సైగ చేసింది, అతను రాశాడు. తర్వాత ఆమె తంగరాజ్‌ను పిలిచింది. "మీరు సంఘం కార్యదర్శి. ఈ చోటును ఇక్కడ ఏమని పిలుస్తారు?"

తంగరాజ్ జేబులో ఆ టైపు కాగితం ఇంకా ఉంది. ఆయన దాన్ని తడుముకున్నాడు. కృష్ణమ్మాళ్ ఆయన వైపు చూడలేదు. అదే ఆయనకు కష్టమైంది.

"మేడం, పూంగా అని చెప్పమని అందరికీ చెప్పింది నేనే" అన్నాడు చివరికి. "కానీ పాతికేళ్ళు ఈ బస్సులో విజిల్ వేశాను. ఇక్కడికి రాగానే నేను అరిచింది ‘కళ్లం’ అనే. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరూ పూంగా అని టిక్కెట్టు అడగలేదు. ఒక మనిషి సొంత కళంలో ప్రభుత్వ బస్సు పాతికేళ్ళు తిరుగుతుందా మేడం?"

ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే పాండియమ్మాళ్ ముందుకొచ్చింది. తమ ధనియాలు ఈ మూల ఎండేవని వేలుపెట్టి చూపించింది. "కళ్లం" అంది, తమిళంలోకి దిద్దకుండా. ఇంకొకాయన సజ్జలన్నాడు. ఇంకొకామె తన ఇద్దరు కొడుకులూ ఇక్కడే హాకీ ఆడి పళ్ళు రాలగొట్టుకున్నారని చెప్పింది. దేవిప్రియ జట్టుతో సహా వచ్చి అవ్వ పక్కన నిలబడింది. నలభై ముగ్గురు చెప్పారు. ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు, కొందరు కావాలనే గొంతు పెంచి అన్నారు. గుమాస్తా ఈసారి నవ్వలేదు, చేయి నొప్పెట్టేదాకా రాశాడు.

"ఫైలులో పూంగా అని రాస్తే మీకే సులువమ్మా" అంది అధికారి వెళ్ళబోతూ, మెల్లగా.

"కళ్లమనే రాయండి. అందరిదీ అని పక్కన రాయండి" అంది కృష్ణమ్మాళ్.

ఆరు నెలలకు ఉత్తర్వు వచ్చింది. వసంతకుమార్ వాదన చెల్లదు, ఆ చోటు నివాసులందరి వాడుకకే విడిచినది, ఆఫీసే దాన్ని స్వాధీనం చేసుకుని కాపాడుతుంది. తంగరాజ్ ఇంటింటికీ కడలమిట్టాయి, అంటే వేరుశనగ అచ్చులు, పంచాడు. కృష్ణమ్మాళ్ తన వంతు అందుకుని, "నీ కాగితము ఉండాదా, చించినావా?" అని అడిగింది. చించేశానన్నాడు. "అయితే ఇంకొకటి ఇయ్యి" అని రెండో ముక్క తీసుకుంది.

అక్కడితో అయిపోవలసిన కథే. సంక్రాంతి వచ్చే తై నెలలో ఆఫీసు మనుషులు లారీలో వచ్చారు. కళ్లం చుట్టూ ఇనుప కంచె వేశారు, ఒక గేటు పెట్టారు, నాలుగు సిమెంటు బెంచీలు దించారు, కాపలాకు ఇసక్కిరాజా అనే మనిషిని పెట్టారు. గేటు పక్కన పచ్చరంగు బోర్డు. దాని మీద తమిళంలో పెద్ద అక్షరాలతో పూంగా అని, కింద మూడు వరసలు: బంతి ఆటలు ఆడరాదు. ధాన్యం ఆరబెట్టరాదు. వాహనాలు లోపలికి రారాదు.

కృష్ణమ్మాళ్ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. బస్సు మళ్ళీ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. అమ్మాయిలు కర్రలు భుజాన వేసుకుని కంచె బయట నిలబడ్డారు. ఎవరి నుంచి కాపాడమన్నాము, ఎవరి నుంచి కాపాడుతున్నారు? ఆమెకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది.

"పోనీలే అక్కా, చోటైతే దక్కింది. మళ్ళీ మను పెడదాం" అన్నాడు తంగరాజ్. మను అంటే అర్జీ.

"నువ్వు మను పెట్టు. నేను ఉద్దులు పెడుతాను."

మరునాడే పుదూరు బస్సెక్కింది. ఆమె చేను చేసేది తమ్ముడి కొడుకు. పీకిన ఉద్దుల చెట్లు చేలోనే గలగలా ఎండి ఉన్నాయి. ఈడనే మిషన్ ఉండాదిగదా అత్తా, అరగంటల అయిపోతాది అని అతను నవ్వాడు. ఆమె వినలేదు. చెట్లన్నీ చిన్న లారీకి ఎత్తించి, ఎట్టయాపురం మీదుగా నగర్‌కు తెచ్చి, గేటు బయట దింపించింది. వాహనం లోపలికి రాకూడదు కదా, రాలేదు. పాండియమ్మాళ్, తంగరాజ్, ఇంకో ఇరవైమంది మోపులు నెత్తికెత్తుకుని లోపలికి నడిచారు. సరిగ్గా బోర్డు ఎదురుగా పరిచారు.

ఇసక్కిరాజా పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా! బోర్డు చదవలేదా? ధాన్యం ఆరబెట్టకూడదు!"

అధికారి వచ్చి చూసి వెళ్ళిన నాటి నుంచీ కళ్లంలో నిలబడి తమిళం మాట్లాడటం ఆమె మానేసింది. అర్థం కానివాళ్ళకు దేవిప్రియ తిప్పి చెబుతుంది. "చదివినాను నాయనా. నేను ఎండేయలేదు. ఇవి చేన్లనే ఎండినాయి. కొట్టేదానికి తెచ్చినాను. కొట్టరాదని యాడ రాసుండాది, చూపించు."

అతను నిజంగానే వెళ్ళి బోర్డు ఇంకోసారి చదివాడు. ఆలోగా అమ్మాయిలు పదకొండుమందీ హాకీ కర్రలతో లోపలికి వచ్చారు. "బంతి ఆటలు..." అని అతను మొదలుపెట్టగానే దేవిప్రియ రెండు చేతులూ చాపి చూపించింది. బంతి లేదు. తర్వాత కర్ర ఎత్తి, మొదటి దెబ్బ వేసింది. ఎండుకాయలు ఫటఫటా పగిలి, నల్లటి గింజలు గరుసు మీద చెల్లాచెదురుగా ఎగిరాయి. పదకొండు కర్రలూ ఒక్కసారి లేచాయి. మూలనున్న సిమెంటు బెంచీల మీద పొట్టు పేరుకుంది. జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చారు, చేటలు తెచ్చారు.

"ఆఫీసుకు ఫోన్ చేస్తానమ్మా. నా ఉద్యోగం పోతుంది" అన్నాడు ఇసక్కిరాజా, దాదాపు బతిమాలుతూ.

"చెయ్యి నాయనా, నీ పని నువ్వు చెయ్యి. కృష్ణమ్మాళ్ అని నా పేరు చెప్పు. కళ్లంల ఉద్దులు కొట్టుతుండాది అని చెప్పు." ఆమె కొంగు బిగించి కర్ర అందుకుంది. "వాళ్ళనే రమ్మను. వచ్చేటప్పుడు ఆళ్ళకొక గోతాం తెమ్మను. కళ్లానికి వచ్చినోళ్ళని ఉత్త చేతులతో పంపము."